పది క్లాసులు, ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు, ఒక కటకట పెడల్: కొండాపూర్‌లో ఇండోర్ సైక్లింగ్ రివ్యూ

ముందే చెప్పేస్తా, స్టూడియో పేరు రాయట్లేదు. ఎందుకంటే నేను కూడా ఇదే పని చేస్తా, ఆఫీసు ఉద్యోగం పక్కన పెడితే శని ఆదివారాలు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ జిమ్‌లో ఇండోర్ సైక్లింగ్ క్లాస్ చెప్తా, అంటే గదిలో కదలని సైకిళ్ళ మీద పాటలకి తొక్కే క్లాస్, ఆ సైకిళ్ళనే బైకులంటాం, పన్నెండు బైకులు, వచ్చేది ఏడెనిమిది మంది, వానొస్తే నలుగురు. ఇప్పుడు ఇంకో చోటు పేరు పెట్టి రాస్తే పక్క కొట్టు మీద కుళ్ళు అంటారు, ఆ మాట నాకెందుకు. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు, రెండో అంతస్తు, కింద టిఫిన్ సెంటర్, అంతవరకే.

మరి నేర్పేదాన్ని నేనే అయితే డబ్బులు పోసి వేరేవాళ్ళ క్లాసుకి ఎందుకు వెళ్ళా అంటే, ఏడాదిన్నరగా నా గొంతు నేనే వినీ వినీ విసుగొచ్చింది. ముందు బైక్ మీద కూర్చుని జనాన్ని చూడటమే తప్ప వెనక వరసలో కూర్చుని చెమటలు కక్కుతూ "ఇంకెంతసేపురా బాబూ" అనుకోవడం ఎలా ఉంటుందో మర్చిపోయా. అందుకే 5,500 పెట్టి పది క్లాసుల ప్యాకేజీ తీసుకున్నా, 45 రోజుల్లో వాడేయాలి. నేను కూడా క్లాసులు చెప్తానని ఎవరికీ చెప్పలేదు. ఫారంలో వృత్తి దగ్గర సాఫ్ట్‌వేర్ అని రాశా, అబద్ధం కాదు కదా.

చోటు బాగుంది, ఆ విషయంలో వంక పెట్టలేను. 22 బైకులు, అన్నీ మ్యాగ్నెటిక్ రెసిస్టెన్స్‌వి, అంటే చక్రానికి ఏదీ తగలకుండా అయస్కాంతం దగ్గరికి జరిగితే బరువు పెరుగుతుంది, చప్పుడుండదు, అరుగుదల ఉండదు. మా క్లబ్‌హౌస్‌లోవి పాతకాలంవి, ఫెల్ట్ ప్యాడ్ చక్రాన్ని రాసుకునే రకం, చెమట కారీ కారీ ఒక్కో బైకుకీ ఒక్కో బుద్ధి వచ్చేసింది, ఒకదానికి సగం తిప్పు తిప్పితే కొండెక్కినట్టుంటుంది ఇంకోదానికి రెండు తిప్పులు తిప్పినా గాల్లో తొక్కినట్టే. ఇక్కడ ఆ గొడవ లేదు. స్క్రీన్ మీద ఆర్‌పీఎం (పెడళ్ళు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో), వాట్స్ (ఎంత శక్తి పెట్టి తొక్కుతున్నామో) అన్నీ కనిపిస్తాయి. టవల్ ఫ్రీ, ఫిల్టర్ నీళ్ళు ఉన్నాయి, ఏసీ గట్టిగా ఉంది. షవర్లు రెండే, ఏడింటి బ్యాచ్ అయ్యాక లైన్ చూస్తే ఇంటికెళ్ళి స్నానం చేయడమే మేలనిపిస్తుంది. తొమ్మిదో నంబర్ బైకుకి ఎడమ పెడల్ కటకటలాడుతోంది, మొదటి రోజే చెప్పా, రిసెప్షన్ అమ్మాయి నోట్ చేసుకుంది. ఆ నోటు ఏమైందో తర్వాత చెప్తా.

సరే, అసలు విషయం ఇన్‌స్ట్రక్టర్లు. బైకులు ఎవరైనా కొంటారు, లైట్లు ఎవరైనా పెడతారు, 45 నిమిషాలు అక్కడ మనల్ని ఏం చేస్తారన్నదే కదా మనం డబ్బులిచ్చేది.

సోమవారం క్లాస్ ఒక అబ్బాయి చెప్తాడు, పాతికేళ్ళుంటాయేమో, మంచి ఫిట్‌గా ఉంటాడు, ఉత్సాహం బాగా ఎక్కువ. నా పక్క బైకు మీదకి ఒక అంకుల్ వచ్చారు, అరవై దాటి ఉంటాయి, టీషర్ట్, ట్రాక్ ప్యాంట్, కాళ్ళకి చెప్పులు. చెప్పులు! ఎవరూ ఆపలేదు. సీటు బాగా కింద ఉంది, ఆయన కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. నేను చేయి పెట్టి సరిచేద్దామని లేచేలోపే లైట్లు ఆరిపోయాయి, పాట మొదలైంది, "లెట్స్ గో హైదరాబాద్" అని కేక. ఇంక అంతే.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. రోడ్డు మీద సైకిల్ అయితే తొక్కడం ఆపినా ముందుకి పోతూనే ఉంటుంది, కాళ్ళు ఖాళీగా పెట్టుకోవచ్చు. ఈ బైకుల్లో చాలావాటికి అలా కుదరదు, బరువైన చక్రం పెడళ్ళకి నేరుగా కట్టేసి ఉంటుంది, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళూ తిరుగుతాయి, మీ కాళ్ళనీ తిప్పుతాయి. ముందున్న నాబ్‌ని తిప్పితే బరువు పెరుగుతుంది, ఆగాలంటే దాన్నే కిందికి గట్టిగా నొక్కాలి, అదే బ్రేకు. ఈ ఒక్క వాక్యం చెప్పకుండా కొత్తవాళ్ళని బైకెక్కించకూడదు, మాకు ట్రైనింగ్‌లో మొదటి గంటలోనే నేర్పించారు. అంకుల్‌కి ఎవరూ చెప్పలేదు. ఆయన నాబ్ అసలు తిప్పలేదు, బరువే లేకుండా గిరగిరా తొక్కుతున్నారు, సీటు మీద ఎగిరెగిరి పడుతున్నారు, నాలుగో నిమిషంలో ఆయాసం వచ్చి అలవాటుగా తొక్కడం ఆపబోయారు, పెడల్ తిరిగొచ్చి పిక్క మీద ఒక్కటి ఇచ్చింది. నేను వంగి ఆయన నాబ్ నొక్కా. ఆయన దిగి, బోర్డు పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి బయటికి వెళ్ళే పిల్లాడిలా తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. ఇన్‌స్ట్రక్టర్ చూడలేదు. చూడడానికి చీకటి కదా, పైగా కళ్ళు మూసుకుని తొక్కుతున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ అబ్బాయి మీద నాకు కోపం కన్నా జాలే ఎక్కువ వచ్చింది. పొద్దున ఆరింటిది, ఏడింటిది, మళ్ళీ సాయంత్రం ఒకటి, మూడూ తనే తొక్కుతూ చెప్తాడట. అది క్లాస్ చెప్పడం కాదు, తన వర్కౌట్ తను చేసుకుంటుంటే 22 మంది చూడటం. నేను కూడా మొదటి మూడు నెలలు అచ్చం అలాగే చేశా. ఆగితే జనం ఏమనుకుంటారో అన్న భయం, నేనే ముందు అలసిపోతే పరువు పోతుందని, అలా తొక్కితొక్కి ఒక శనివారం గొంతు పూర్తిగా పోయింది, వారం రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలించా, ఆఫీసు కాల్స్‌లో చాట్‌లోనే మాట్లాడా.

శుక్రవారం సాయంత్రం ఇంకో అమ్మాయి, ఆవిడ క్లాసులే ముందు బుక్ అయిపోతాయి. ఎందుకో వెళ్తే అర్థమైంది, పాటల ఎంపిక అద్భుతం. తెలుగు మాస్ బీటు, మధ్యలో తీన్మార్ కూడా పడింది, బోనాల రోజుల్లా రూమంతా ఊగిపోయింది, నేనూ ఊగా, దాచేదేముంది. పాటకీ పెడల్‌కీ లెక్క కూడా ఆవిడకి బాగా తెలుసు. నిమిషానికి 128 బీట్ల పాట అయితే రెండు కాళ్ళకీ చెరొక బీటు వేసుకుంటే 64 ఆర్‌పీఎం వస్తుంది, అది ఎక్కుడుకి, అంటే కొండెక్కినట్టు బరువు పెట్టి తొక్కే భాగానికి, సరిగ్గా సరిపోతుంది. ఎక్కుడుకి 60 నుంచి 80, చదునుకి 80 నుంచి 110, మామూలుగా వాడే లెక్క ఇదే. ఆ హద్దుల్లో తొక్కించినంతవరకు ఆవిడ క్లాస్ నిజంగా పండగే.

కానీ నాలుగో పాట దగ్గర మొదలైంది, హ్యాండిల్ మీద పుషప్‌లు, చేతులు వదిలేసి చప్పట్లు, ఆ తర్వాత రెండేసి కిలోల డంబెల్స్ పట్టుకుని సీటు మీద కూర్చునే భుజాల వ్యాయామం. చూడ్డానికి రీల్స్‌లో బాగుంటుంది, ఒప్పుకుంటా. పని మాత్రం సున్నా. బైకు మీద పుషప్ చేస్తే మన బరువు చాలామటుకు సీటు, పెడళ్ళే మోస్తుంటాయి, ఛాతీకి పని ఉండదు, నడుముకి మాత్రం నొప్పి ఖాయం, ఈలోగా కాళ్ళు నెమ్మదిస్తాయి కాబట్టి వచ్చిన అసలు పనీ పోతుంది. రెండు పనులూ చెడ్డట్టే. పుషప్ కావాలంటే నేల ఉంది కదా అమ్మా, ఫ్రీ కూడా. మా ట్రైనర్ ఒక మాట అనేవారు, రోడ్డు మీద సైకిల్‌తో చేయనిది ఇక్కడా చేయించకు అని. రోడ్డు మీద డంబెల్స్ పట్టుకుని తొక్కేవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు, మియాపూర్ క్రాస్‌రోడ్స్‌లో కూడా.

సౌండ్ గురించి కూడా చెప్పాలి. ఫోన్ యాప్‌తో కొలిచా, యాప్ లెక్క కాబట్టి అటూ ఇటూ ఉంటుంది, కానీ మంచి ఊపులో 100 డెసిబెల్స్ దగ్గర ఆడింది. అమెరికాలో పనిచేసే చోట్ల ఆరోగ్యం సంగతి చూసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు భరించొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగానికి పడిపోతుంది, అంటే 100 దగ్గర పావుగంటే. మనం 45 నిమిషాలుంటాం. రోజుకి మూడు క్లాసులు చెప్పే ఇన్‌స్ట్రక్టర్ చెవుల సంగతి ఆలోచించండి. నేనైతే రెండో వారం నుంచి చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుని వెళ్ళా, బీటు ఎలాగూ సీటులోంచి తెలుస్తుంది.

ఇంక గురువారం. ఈ రివ్యూ రాయడానికి కారణమే ఆ గురువారం ఏడింటి క్లాస్.

మేడమ్‌కి నలభై ఐదు పైనే ఉంటాయి, చూడగానే ఇన్‌స్ట్రక్టర్ అనుకోరు, రీల్స్‌లో కనపడరు, స్టూడియో పోస్టర్ మీద కూడా ఆవిడ ఫోటో లేదు. క్లాసు ఏడింటికైతే ఆరూ నలభైకే వచ్చి బైకుల మధ్య తిరుగుతుంటారు. ప్రతివాళ్ళనీ అడుగుతారు, కొత్తా పాతా, మోకాలి నొప్పి ఏమైనా ఉందా, బీపీ మాత్రలు వేసుకుంటారా, పొద్దున ఏమైనా తిన్నారా. కొత్తవాళ్ళని బైకు పక్కన నిలబెట్టి సీటుని తుంటి ఎముక దాకా లేపుతారు, కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా కిందికి దింపమని మోకాలు చూస్తారు, కొంచెం వంగి ఉండాలి, కర్రలా బిగుసుకుపోకూడదు. తర్వాత పెడళ్ళు రెండూ నేలకి సమానంగా పెట్టించి ముందు మోకాలు సరిగ్గా పెడల్ ఇరుసు పైకొచ్చిందా లేదా చూస్తారు. హ్యాండిల్ కొత్తవాళ్ళకి సీటు కన్నా కొంచెం ఎత్తులోనే. అప్పుడు బ్రేకు. ఒకసారి చెప్పి ఊరుకోరు, వాళ్ళ చేత్తో వాళ్ళచేతే నొక్కించి చూస్తారు. మనిషికి రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

క్లాస్ మొదలయ్యాక ఆవిడ తొక్కేది పది నిమిషాలే. వార్మప్ అయ్యాక దిగిపోయి మైకు పెట్టుకుని మధ్యలో నడుస్తుంటారు. లైట్లు పూర్తిగా ఆర్పరు, ముఖాలు కనిపించేంత వెలుగు ఉంచుతారు. నా దగ్గరికొచ్చి మైకు చేత్తో మూసి "భుజాలు చెవుల్లోకి దూరుతున్నాయమ్మా, దింపండి" అన్నారు, సిగ్గేసింది, ఎందుకంటే నా క్లాసులో నేను అందరికీ చెప్పేది అదే.

భాష కూడా గమనించా. మిగతా ఇద్దరూ ఇంగ్లీష్, హిందీ, ఇంకెవరికీ అర్థం కాని కేకలు. ఆవిడ మాత్రం ఎదుటివాళ్ళని బట్టి మారుస్తారు, తెలుగువాళ్ళు ఎక్కువుంటే తెలుగే. "ఒక తిప్పు పెంచండి" అని అనరు, ఎందుకంటే నా తిప్పూ పక్కావిడ తిప్పూ ఒకటి కాదు. "ఇప్పుడు ఎదురుగాలి", "ఇప్పుడు ఇసకలో దిగాం", "వెనక క్యారియర్ మీద పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం" అంటారు. అప్పుడెవరికి వాళ్ళు నాబ్ తిప్పుకుంటారు, ఎంత బరువో తొడలకి తెలిసిపోతుంది. చిన్నప్పుడు అద్దె సైకిల్ మీద సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన తరం మాది, మాకు వాట్స్ చెప్తే ఏమర్థమవుతుంది, బస్తా అంటే వెంటనే అర్థమవుతుంది. ఎంత గట్టిగా తొక్కాలో కూడా మాటతోనే కొలుస్తారు, "పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఇంకా పెంచొచ్చు, మూడు మాటలకే ఊపిరి ఆగితే ఇది చాలు". 220లోంచి వయసు తీసేసే గుండె లెక్క ఎవరో అడిగితే, అది అందరికీ సరిపోదు, కొన్ని బీపీ మాత్రలు వేసుకుంటే గుండె వేగం ఎలాగూ పైకి రాదు, అందుకే మాట లెక్కే నమ్ముకోండి అన్నారు. ఆ జవాబు విన్నాక నా నోట్‌బుక్‌లో రాసుకున్నా.

ఆ అంకుల్ మూడో వారం గురువారం మళ్ళీ వచ్చారు, ఈసారి బూట్లతో. రిసెప్షన్ అమ్మాయే ఫోన్ చేసి గురువారం క్లాసుకి మార్చిందట, ఆ పిల్లకి ఒక మార్కు ఎక్కువ. మేడమ్ సీటు సరిచేసి, ఆయన స్క్రీన్ మీద టవల్ కప్పేసి, "అంకుల్, మొదటి రోజు 20 నిమిషాలే, తర్వాత దిగి నీళ్ళు తాగి కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఇది మర్యాదకి చెప్పిన మాట కాదు. మొదటి రోజే ఉత్సాహంలో గంటసేపు విరగతొక్కినవాళ్ళకి తొడల కండరాలు దెబ్బతిని, అందులోంచి విడుదలయ్యే పదార్థం రక్తంలోకి చేరి కిడ్నీల మీద పడిన కేసులు డాక్టర్లు మెడికల్ జర్నల్స్‌లో రాశారు, రాబ్డోమయోలిసిస్ అంటారు, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకి కూడా వచ్చింది. క్లాసైన ఒకట్రెండు రోజులకి తొడలు వాచి భరించలేని నొప్పి, మూత్రం కోలా రంగులో వస్తే కొబ్బరినీళ్ళు తాగి పడుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సోమవారం అబ్బాయి "నో గివింగ్ అప్" అని కొత్తవాళ్ళ మీద అరుస్తుంటే నాకు ఇదే గుర్తొచ్చేది.

మధ్యలో ఒక చిన్న సంగతి, చాలామంది దీన్ని స్పిన్ క్లాస్ అంటారు కదా, మా అమ్మ అయితే వాషింగ్ మెషీన్ క్లాసా అని అడిగింది. స్పిన్నింగ్ అనేది నిజానికి ఒక కంపెనీ సొంతంగా రిజిస్టర్ చేసుకున్న పేరు, ట్రేడ్‌మార్క్. దక్షిణాఫ్రికాలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు మొదలుపెట్టాడు, మ్యాడ్ డాగ్ అథ్లెటిక్స్ అని వాళ్ళ కంపెనీ, 1995లో ష్విన్ అనే సైకిళ్ళ కంపెనీ వాళ్ళు ఆ బైకుల్ని మార్కెట్లోకి తెచ్చారు. అందుకే లైసెన్సు లేని చోట్ల బోర్డు మీద రైడ్ అనో సైక్లింగ్ అనో రాసుకుంటారు. రోడ్డు సైక్లిస్టు ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోవడానికి పుట్టిన పని ఇది, డిస్కో లైట్లు తర్వాత వచ్చాయి. గురువారం బ్యాచ్‌లో ఇప్పటికీ నలుగురు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన సోలార్ కప్పుతో ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కేవాళ్ళే, అది 2023లో మొదలైంది కదా, మే ఎండల్లో, జూలై వానల్లో వాళ్ళు ఇక్కడికొస్తారు. వాళ్ళు పాటలు పట్టించుకోరు, "మేడమ్, ఇవాళ ఎక్కుడు ఎన్ని నిమిషాలు" అంతే.

క్లాసయ్యాక ఒకరోజు మేడమ్‌తో కింద టిఫిన్ సెంటర్లో పెసరట్టు తింటూ, నేనూ వేరే చోట క్లాసులు చెప్తుంటానన్న నిజం ఒప్పేసుకున్నా. నవ్వి "రెండో క్లాసులోనే తెలిసింది, కొత్తావిడ నాబ్ వైపు చూస్తున్నావు నువ్వు" అన్నారు. నలభై ఐదు నిమిషాల క్లాసుకి ఆవిడ మూడు గంటలు తయారవుతారట, నాకూ అంతే పడుతుంది, పాట వెతకడం, ఎక్కడ ఎక్కుడు ఎక్కడ విశ్రాంతి రాసుకోవడం, పాట మారకముందే నాలుగు బీట్లు ముందు చెప్పేలా మాట కుదించుకోవడం. స్టూడియో ఇచ్చేది క్లాసుకింత అని, ఆ మూడు గంటలు లెక్కలోకి రావు, తిరుగుతూ చెప్పే ఆవిడకీ కళ్ళు మూసుకుని తొక్కే అబ్బాయికీ ఒకటే రేటు, బుకింగ్‌లు నిండితే మాత్రం బోనస్. మరి ఎవరు తిరుగుతారు చెప్పండి, డంబెల్సే వస్తాయి. మేనేజర్‌కి ఈ మాట ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశా, థ్యాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ ఫీడ్‌బ్యాక్ అని మెసేజ్ వచ్చింది, స్మైలీతో.

మార్కులు అడిగితే, చోటుకి అయిదుకి నాలుగు, సోమవారానికి ఒకటిన్నర, శుక్రవారానికి మూడు, అది కూడా పాటలకే, గురువారానికి అయిదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు పావుగంట ముందే వెళ్ళండి, ఇన్‌స్ట్రక్టర్ మీ సీటు చూడకపోతే మీరే పిలిచి అడగండి, బ్రేకు ఎక్కడో అడగకుండా ఎక్కకండి. మొదటి వారం పిర్రలు నొప్పెడతాయి, అది మామూలే, మెత్తటి ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనుక్కుంటే తగ్గుతుంది, సీటు మీద జెల్ కవర్ వేసుకుంటే జారుతూ ఉంటుంది కాబట్టి నేనైతే వద్దంటా. మోకాలి ముందువైపు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందున్నట్టు, ఒక గీత పైకి లేపి చూడండి, తగ్గకపోతే డాక్టరే.

ప్యాకేజీ అయిపోయింది, మళ్ళీ తీసుకున్నా, గురువారాలకి మాత్రమే. ఇప్పుడు మా క్లబ్‌హౌస్‌లో నేను కూడా బైకు దిగి నడుస్తున్నా, మొదటి వారం ఒకాయన "ఏంటమ్మా, అలసిపోయావా" అన్నారు, ఊఁ అన్నా. మొన్న గురువారం స్టూడియోలో కొంచెం ఆలస్యంగా వెళ్ళి ఖాళీగా ఉందని గబగబా తొమ్మిది మీదకి ఎక్కబోతుంటే, వెనక వరసలో అంకుల్, బూట్లు బిగించుకుంటూ తలెత్తి, "అది వద్దమ్మా, ఎడమ పెడల్ కటకటలాడుతుంది, నేను రిసెప్షన్‌లో చెప్పా, నోట్ చేసుకున్నారు" అన్నారు.